తోడికోడళ్ళ మిద్దెపాట

గంప ఎత్తగానే నల్లపెట్ట రెక్కలు విదిలించుకుంటూ బయటికి దూకింది. గురవమ్మ దాని ముందు గుప్పెడు నూకలు చల్లి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, పక్కింటి గోడకు వినబడేంత గొంతుతో మాట మొదలుపెట్టింది.

"ఏమే కోడీ, పొద్దెక్కతా ఉండాది. మిద్దె పని ఈ పొద్దుతో అయిపోవాలని మేస్త్రి సెప్పినాడు. లెయ్యనోళ్ళని లేపే పని నీదే."

కోడి నూకలు ఏరుకుంటోంది. గోడకు ఆవలి పక్క నుంచి ముందు దగ్గు, తర్వాత గొంతు వచ్చాయి. అది గురవమ్మ తోడికోడలు గంగులమ్మ గొంతు. గంగులమ్మకు సొంత కోడి లేదు. అందుకని ఆమె కూడా ఈ కోడితోనే మాట్లాడుతుంది.

"లేసినానని సెప్పే కోడీ. రేతిరి నుంచి రొమ్ములో ఏదో పట్టేసినట్టుండాది. సంగటి ముద్ద దిగలా. అయినా లేసినా."

గురవమ్మ చేతిలో మిగిలిన నూకలు చేతిలోనే ఉండిపోయాయి.

"ఒంట్లో బాగలేనోళ్ళు ఇంట్లో పడుకోవచ్చని సెప్పే కోడీ. మిద్దె యాడికీ పోదు."

"పడుకుంటే ముసలిదయిపొయిందంటారని సెప్పు. ఆ మాట అనేదానికి ఒకామె నోరు తెరుసుకోని ఉండాదని కూడా సెప్పు."

గురవమ్మకు గోడ చుట్టి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని చూడాలనిపించింది. గోడ మూల దాకా వెళ్ళింది కూడా. అక్కడ ఆగి, అక్కడికి వచ్చింది పొయ్యిలోకి రెండు పుల్లల కోసమే అయినట్టు వంగి వాటిని ఏరుకుని వెనక్కి వచ్చేసింది. పదేళ్ళుగా నిలబెట్టిన పంతాన్ని ఒక దగ్గు విని వదిలేయడం ఆమెకు చేతకాలేదు.

ఆ పంతం పుట్టింది వాళ్ళ అత్త ఆదిలక్ష్మమ్మ పోయినప్పుడు. తిరుపతిలో సున్నపు మిద్దె వేసిన ప్రతి ఇంటి మీదా ఆదిలక్ష్మమ్మ చెయ్యి పడిందని చెప్పుకునేవాళ్ళు. దూలాల మీద ఇటుకలు పేర్చి, పైన సున్నమూ ఇటుకముక్కలూ కలిపి పరిచాక, దాన్ని ఆడవాళ్ళు వరసగా గొంతుక్కూచుని చెక్కలతో రోజుల తరబడి కొట్టాలి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుతూ కొట్టాలి. చప్పుడు మెత్తగా ఉన్నంతసేపూ పని ఉన్నట్టే. చెక్క ఎగిరిపడి కంగుమని మోగితే మిద్దె అయినట్టు. చేతులన్నీ ఒక్కసారి పైకి లేచి ఒక్కసారి పడాలంటే పాట ఉండి తీరాలి.

ఆదిలక్ష్మమ్మకు ఇద్దరు కొడుకులు. ఇద్దరూ ఇటుకపని చేసి, ఇద్దరూ తల్లికంటే ముందే పోయారు. మిగిలింది కోడళ్ళు. పెద్దకోడలు గంగులమ్మ చెయ్యి గట్టిది. చిన్నకోడలు గురవమ్మ గొంతు గట్టిది. పోయే ముందు అత్త, తన చింతచెక్కను పెద్దకోడలికి ఇమ్మంది. నున్నగా, నల్లగా, నూనె పట్టినట్టు మెరిసే చెక్క అది. అత్త దినాలనాడు పదిమంది ముందర గురవమ్మ ఆగలేకపోయింది. "పాట నాది, చెక్క ఆమెదా?" అనేసింది. గంగులమ్మ కూడా తక్కువ తినలేదు. "నోరుండాది గదా నీకు, దాంతోనే కొట్టుకో" అంది. అంతే. మాటలు ఆగిపోయాయి.

అంటే నేల మీద ఆగిపోయాయి. మిద్దె మీద మాత్రం ఆగలేదు. మిద్దె మీద వాళ్ళిద్దరూ పాటలో తిట్టుకునేవాళ్ళు.

ఆ రోజు కూడా ఇద్దరూ పనికి బయల్దేరారు. గంగులమ్మ ముందు, గురవమ్మ వెనక. చింతచెక్కను చంకలో పెట్టుకుని గంగులమ్మ దారిలో ఒకచోట ఆగి, ఇంకోచోట ఆగి, గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. ఆమె ఆగినప్పుడల్లా గురవమ్మ కూడా ఆగి, విడిపోని కొప్పును విప్పి మళ్ళీ ముడేసుకుంది. దాటిపోవడానికి ఎందుకో మనసొప్పలేదు. కొండకు బస్సులు పోవడం మొదలయ్యాక వీధుల్లో జనం పెరిగారు. గోవిందలు కొట్టుకుంటూ పోయే యాత్రికుల గుంపొకటి ఇద్దరి మధ్య నుంచి దాటిపోయింది. గుంపు పోయాక గంగులమ్మ మళ్ళీ కనబడేదాకా గురవమ్మ మెడ సాచి చూసింది.

గోవిందరాజస్వామి గుడి వెనక వీధిలో కడుతున్న సత్రం అది. యుద్ధం పుణ్యమా అని సిమెంటు దొరకడం లేదు కాబట్టి ఇంకా సున్నపు మిద్దెలకు పని ఉంది. మునస్వామి మేస్త్రి కింద నిలబడి, వెదురు సారవ మీదుగా ఎక్కుతున్న ఆడవాళ్ళను చూస్తున్నాడు.

"ఏం పెద్దమ్మా, మొగం వాడిపొయిందే? కిందనే కూసోని కరక్కాయలు దంచరాదా?" అన్నాడు గంగులమ్మతో.

"నీ పెండ్లాన్ని దంచమను," అని ఆమె సారవ ఎక్కేసింది. సగంలో మాత్రం కాసేపు నిలబడింది. ఆ కాసేపూ కింద గురవమ్మ రెండు చేతులతో సారవ వెదురును గట్టిగా పట్టుకుని నిలబడింది.

మిద్దె మీద రెండు వరసలు. ఒక వరస తూర్పు పిట్టగోడ దగ్గర, ఇంకో వరస పడమటి పిట్టగోడ దగ్గర గోడవైపు మొహం పెట్టి కూర్చుంటాయి. కొట్టిన చోటు తొక్కకూడదు కాబట్టి వెనక్కి జరుగుతూ కొడతారు. సాయంత్రానికి రెండు వరసలూ నడుమకు చేరి, వీపుకు వీపు తగిలితే పని అయిపోయినట్టు. తూర్పు వరస నడుమ గురవమ్మ కూర్చుంది. పడమటి వరస నడుమ గంగులమ్మ కూర్చుంది. ఒకరి మొహం ఒకరికి కనబడదు. మాట్లాడుకోని మనుషులకు అంతకంటే వసతైన ఏర్పాటు ఉండదు.

గంగులమ్మ పక్కన కూర్చున్న ఆనందమ్మ కొత్తగా పెళ్ళయి వచ్చిన పిల్ల. పాట కోసమే పనికొస్తున్నట్టు ఉంటుంది.

"మొదులుపెట్టు పిన్నమ్మా," అని అరిచింది.

గురవమ్మ గొంతు సవరించుకుంది. చెక్క ఎత్తింది.

"పళ్ళూడె నీ నోరు పాడుబడ్డా గుడిశె
సెనిక్కాయ సప్పరించె అక్కమ్మా
ముసలెవురే పిల్లా ముసలెవురే?"

రెండు వరసలూ చెక్కలు దబ్బున వేసి, "నువ్వే నువ్వే!" అన్నాయి.

గంగులమ్మ తొందరపడలేదు. ఆమెకు ఒక అలవాటుంది. జవాబు కట్టే ముందు చెక్క నేలకు ఆనించి, తల వంచుకుని, అందరినీ కాసేపు కాచుకోబెడుతుంది. ఆ లోపల వరసలు "ముసలెవురే, నువ్వే" అంటూ కొడుతూనే ఉంటాయి. అప్పుడు నిదానంగా ఆమె గొంతు లేస్తుంది.

"పళ్ళు పోతే పోయె నాలికుండాది
కండ్లేమాయె నీకు సెల్లెమ్మా
కోడిని సూసి కొడుకా అంటివే
ముసలెవురే పిల్లా ముసలెవురే?"

నవ్వులకు చెక్కలు తడబడ్డాయి. గురవమ్మ కొడుకు రేణిగుంటలో రైలు పట్టాల పని చేస్తాడు. మొన్న వాడొచ్చాడనుకుని ఆమె మసక చీకట్లో నల్లపెట్టను "రా నాయనా" అని పిలిచిన మాట నిజమే. ఆ సంగతి గోడవతలికి ఎలా పోయిందో కోడికే తెలియాలి. గురవమ్మకు కోపం రాలేదు, నవ్వే వచ్చింది. ఆ నవ్వును పళ్ళ కింద అణిచిపెట్టి అందుకుంది.

"లేసి నిలబడితే నీ మోకాళ్ళు కూసె
తెల్లారిందని ఊరంత లేసె
ముసలెవురే పిల్లా ముసలెవురే?"

ఈ ఆటకు ఒకటే కట్టు. జవాబు చెప్పలేక ఎవరి నోరు ముందు మూతపడితే ఆమే ముసలిది. ఇన్నేళ్ళలో ఎవరి నోరూ మూతపడలేదు. పొద్దే ముందు కూకేది.

అసలు ఇద్దరిలో పెద్ద ఎవరన్నది ఎవరికీ తెలియదు. వరసకు గంగులమ్మ అక్క. వయసు లెక్క వేరు. తను పుట్టింది తిరుపతికి మొదటిసారి రైలొచ్చిన రోజని గంగులమ్మ చెప్పుకునేది. ఇంజను కూత విని వాళ్ళమ్మకు నొప్పులొచ్చాయట. ఈ మాట పనిలో అందరికీ తెలుసు. తెలియనిది గురవమ్మ దగ్గర ఉంది. అదే రైలును చూడటానికి గురవమ్మను వాళ్ళమ్మ చంకనెత్తుకుని పోయింది. రైలు పొగ చూసి జడుసుకుని చంకలోనే తడిపేశావే అని అమ్మ బతికినన్నాళ్ళూ ఎగతాళి చేసేది. అంటే పెద్దది గురవమ్మే. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఆ మాట కడుపులోనే దాచుకుంది. 'అక్కవు నువ్వే గదా, ముసలిదానివి నువ్వే' అని పాడే హక్కును వదులుకోవడం ఆమెకు ఇష్టం లేదు.

మధ్యాహ్నం సద్ది విప్పుకున్నారు. రాగిసంగటి, చెనిగ్గింజల పచ్చడి, అదే ఊరిబిండి. గురవమ్మ ఊరిబిండిని మామూలుగా బరకగా నూరుతుంది. కొన్నాళ్ళుగా వెన్నలా నూరుతోంది. తనకు పళ్ళన్నీ ఉన్నాయి. ఆకులో ఒక ముద్ద తీసిపెట్టి ఆనందమ్మకు ఇచ్చి, "నాకెక్కువైంది, ఎవురికన్నా ఎయ్యి," అంది. ఎవరికి వెయ్యాలో ఆనందమ్మకు తెలుసు. పడమటి గోడ నీడలో గంగులమ్మ ఆ ఆకు అందుకుని, వేలితో కొంచెం నాలుకకు రాసుకుని, మిగతాది పక్కన పెట్టింది. గురవమ్మ ఓరకంట చూసింది. తినకపోవడం పొగరనుకుంది. కాదేమోనని కూడా అనుకుంది.

ఎండ వాలాక రెండు వరసలూ నడుమకు దగ్గరపడ్డాయి. బెల్లం నీళ్ళ వాసన, తడి సున్నం వాసన. అంచులు కంగుమని మోగి బిగిశాయి, నడుమ మాత్రం చప్పుడు ఇంకా మెత్తగా ఉంది. పొద్దున పాడిన మోకాళ్ళ పాటను గురవమ్మ మళ్ళీ ఎత్తింది. గంగులమ్మ ఎప్పటిలాగే చెక్క ఆనించి కాచుకోబెట్టింది. ఎప్పటికంటే ఎక్కువసేపే పట్టింది. తర్వాత లేచిన గొంతులో ఎగతాళి లేదు. సన్నగా ఉంది, కానీ ఎక్కడా తొణకలేదు.

"మోకాళ్ళు కూసినా మిద్దెలెక్కినాను
నే కొట్టిన మిద్దె కురిసిందంటనా?
ఊరూరి జనమొచ్చి తలదాసుకుంటే
నా సేతి కిందనే నిద్దరోయినారు
ముసలెవురే పిల్లా ముసలెవురే?"

"నువ్వే నువ్వే!" అనడం వరసలు ఒక్క క్షణం మరిచిపోయాయి. మేస్త్రి కూడా సారవ చివర నిలబడి వింటున్నాడు. ఎంత బాగా కట్టింది ముసలిది, అనుకుంది గురవమ్మ. ఈ ఒక్కదానికీ జవాబు చెప్పకుండా ఊరుకుంటే బాగుండునని కూడా అనిపించింది. కానీ ఊరుకుంటే ఓడినట్టు. ఒక అడుగు వెనక్కి జరిగి అందుకుంది.

"తల నెరిసిపొయెనా, సున్నమేసినారా?
ఏ మేస్త్రి పూసినాడె అక్కమ్మా?
ముసలెవురే పిల్లా ముసలెవురే?"

మునస్వామి మేస్త్రి పగలబడి నవ్వాడు. వరసలు "నువ్వే నువ్వే" అంటూ కొట్టాయి.

జవాబు రాలేదు. అలవాటే గదా అని అందరూ కొడుతూనే ఉన్నారు. అప్పుడే గురవమ్మ వీపుకు ఇంకో వీపు తగిలింది. తగిలి వెళ్ళిపోలేదు. మెల్లగా బరువంతా ఆనించింది. చెమటకు తడిసిన రవిక, ఎముకలు తేలిన వీపు. అది ఎవరిదో తిరిగి చూడనక్కరలేదు.

గురవమ్మ కదలలేదు. పదేళ్ళ తర్వాత ఆమె తనకు ఆనుకుంది. కోడి లేదు, గోడ లేదు. గురవమ్మకు కళ్ళు చెమ్మగిల్లాయి. అంత సంతోషం ఆమెకు కొడుకు పుట్టినప్పుడు కూడా కలగలేదేమో. వీపును ఇంకాస్త నిటారుగా పెట్టి ఆ బరువుకు ఆసరా ఇచ్చింది. ఓడిపోయానని నోటితో ఒప్పుకోలేక ఇలా ఒప్పుకుంటోంది కాబోలు, అనుకుంది. గెలిచిన గర్వంతో గొంతు పెంచింది.

"ముసలెవురే అక్కా ముసలెవురే?"

"నువ్వే నువ్వే!"

"పలకవేమే అక్కా, ముసలెవురే?"

వరసలు కొట్టాయి. మళ్ళీ కొట్టాయి. ఒక చెక్క తక్కువైందని గురవమ్మ చెవికి తెలిసింది. ఆ వరసలో నిండుగా మోగేది ఆ చింతచెక్క ఒక్కటే.

"పెద్దమ్మా," అంది ఆనందమ్మ. చెక్క కింద పెట్టి, గంగులమ్మ గడ్డం పట్టుకుని పైకెత్తింది. "పెద్దమ్మా! పిన్నమ్మా, పెద్దమ్మ సూడు..."

చెక్కలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఎవురూ కదపొద్దండి," అంది గురవమ్మ. "నేను జరిగితే పడిపోతాది."

ఆమె వెనక్కి తిరగలేదు. తిరగలేదు కాబట్టి ఇంకా నిజం కాలేదన్నట్టు కూర్చుంది. వీపు వెనక ఊపిరి కోసం వెతికింది. ఆ వీపు కదలడం లేదు.

"అక్కా," అంది. "ఇదో, కోడి లేదిప్పుడు. నేనే పిలస్తా ఉండా. అక్కా."

మేస్త్రి వచ్చి గంగులమ్మ భుజాలు పట్టుకున్నాకే గురవమ్మ వీపు తీసింది. నలుగురూ పట్టి, పడమటి పిట్టగోడ నీడలో పడుకోబెట్టారు. గురవమ్మ తన కొంగుతో ఆమె మొహం మీద సున్నపు చుక్కలు తుడిచింది. పెదవుల మూలల్లో ఇంకో పాటేదో ఉన్నట్టే ఉంది. పొద్దున ఆ గోడ మూల నుంచి ఎందుకు వెనక్కి వచ్చానా అని గుండె బాదుకుంది. పుల్లల కోసం వెళ్ళానని ఎవరికి చెప్పాలి?

ఆడవాళ్ళు ఏడుస్తూ చెక్కలు సర్దుకుంటున్నారు. మంచం తెమ్మని మేస్త్రి కిందికి మనిషిని పంపాడు. గురవమ్మ నడుమ భాగం వైపు చూసింది. రెండు వీపులు కలిసిన చోట, చాప వెడల్పున, సున్నం ఇంకా మెత్తగా ఉంది.

"అది ఉండనీ పిన్నమ్మా," అన్నాడు మేస్త్రి. "రేపు సూసుకుందాం."

"రేపటికి బిగుసుకుంటాది. అతుకు పడతాది. ఇందాక అక్క ఏమని పాడిందో నువ్వూ ఇన్నావు గదా నాయనా. ఆమె కొట్టిన మిద్దె కురిసిందనిపిస్తావా?"

మేస్త్రి పక్కకు జరిగి దారి ఇచ్చాడు. గురవమ్మ వెళ్ళి ఆ చోట గొంతుక్కూచుంది. పక్కన చింతచెక్క పడి ఉంది. పదేళ్ళుగా కళ్ళతోనే తాకిన చెక్క. దాన్ని కుడిచేత్తో ఎత్తింది. పిడి చేతిలో కుదరలేదు. బొటనవేలు ఒరిగే గుంట అటు పక్కన ఉంది. ఎడమ చేతిలోకి మార్చుకుంది. అప్పుడు కుదిరింది.

అత్తది ఎడమచేతివాటం. గంగులమ్మదీ ఎడమచేతివాటమే. ఈ సంగతి తనకు తెలియనిది కాదు. ఒక్కసారి అడిగి ఆ చెక్క పట్టుకుని చూసి ఉంటే ఆనాడే తెలిసేది, అత్త దాన్ని ఎవరి మీద ప్రేమతోనో ఇవ్వలేదని. ఏ చేతికి అరిగిందో ఆ చేతికి ఇచ్చిందంతే.

తర్వాత ఎడమచేత్తో కొట్టడం మొదలుపెట్టింది. దెబ్బలు వంకరగా పడ్డాయి. ఆనందమ్మ కళ్ళు తుడుచుకుని వచ్చి పక్కన కూర్చుంది. ఇంకొందరు వచ్చారు. పాట లేక చేతులు కలవడం లేదు. గురవమ్మ గొంతు విప్పింది. ముందు తన గొంతుతో అడిగింది, తర్వాత గంగులమ్మలా చెక్క నేలకు ఆనించి, తల వంచి, కాసేపు కాచుకోబెట్టి, జవాబు కూడా తనే చెప్పింది.

"రైలొచ్చిన్నాడు అక్క పుట్టెనంట
రైలు సూడ అమ్మ సంక నేనెక్కినంట
పొగ సూసి జడిసి తడిపేస్తినంట
ముసలెవురే పిల్లా ముసలెవురే?"

వరస అలవాటు కొద్దీ "నువ్వే నువ్వే" అంది.

"నేనే నేనే," అంది గురవమ్మ. "ఇనబడిందా అక్కా? నేనే."

ఏడుస్తూనే ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు వింటే గంగులమ్మకు బాగుండేది. నడుమ భాగం కంగుమని మోగేదాకా వాళ్ళు కొట్టారు.

పొద్దు కొండ వెనక్కి దిగేవేళకు మంచం పైకి చేర్చారు. గంగులమ్మను దాని మీద పడుకోబెట్టి తాళ్ళతో కట్టి, సారవ మీదుగా కిందికి దించడానికి నలుగురు మగవాళ్ళు పట్టుకున్నారు. గురవమ్మ కాళ్ళవైపు నిలబడింది. ఆ మోకాళ్ళకు దెబ్బ తగలకుండా రెండు చేతులూ అడ్డం పెట్టుకుని దిగింది. ఇంకేదీ పట్టుకోవడానికి ఆమెకు చెయ్యి మిగల్లేదు.

మిద్దె మీద ఎవరూ లేరు. పడమటి పిట్టగోడకు ఆనించిన చింతచెక్క పిడి మీద, బొటనవేలు పట్టే గుంటలో బెల్లం నీళ్ళు ఆరిన చోటికి చీమలు ఒక్కటొక్కటిగా చేరుతున్నాయి.